ఒక్క పిల్ల బడికి ఏ-ప్లస్ గ్రేడు

తూకం రాళ్లకు ఏటేటా సర్కారు ముద్ర వేయించుకునే వ్యాపారులు రెండు రకాలు. ఇన్‌స్పెక్టరు వీధి మలుపు తిరిగాడని తెలిశాక పరిగెత్తేవాళ్లు మొదటి రకం. తక్కెడా రాళ్లూ రిక్షాలో పెట్టుకుని తామే ఆఫీసుకి వెళ్లేవాళ్లు రెండో రకం. చిలకలదిబ్బ పప్పుల బజారు మొత్తానికి ఈ రెండో రకం మనిషి ఒక్కడే ఉండేవాడు. పేరు మాజేటి నాగభూషణం. ముద్ర లేని తక్కెడలో బంగారం తూచి ఇచ్చినా పుచ్చుకోనని చెప్పుకునేవాడు. ఆ గుణమే చివరికి అతని కొంప మీదికి తెచ్చింది.

నాగభూషణానికి ఒక్కత్తే కూతురు, ఇందుమతి. పదకొండేళ్లది. నాలుగో తరగతి దాకా బ్రహ్మాండ ఇంటర్నేషనల్ స్కూల్లో చదివింది. ఒకరోజు నాగభూషణం ఆ స్కూలుకి వెళ్లి, తన పిల్లకి ఇంతవరకూ ఏం వచ్చిందో కాస్త చూపించమన్నాడు. ప్రిన్సిపాల్ ఎంతో ఆదరంగా ఈతకొలను చూపించాడు. గుర్రం బొమ్మ చూపించాడు. గోడకి అతికించిన గ్రహాలు చూపించాడు. చల్లగాలి మిషన్లున్న బస్సు ఎక్కించి దింపాడు.

"గోనెలు బాగున్నాయండి. గింజ చూపించండి," అన్నాడు నాగభూషణం.

"మా విజన్ మీకు అర్థం కావట్లేదు శెట్టిగారూ," అన్నాడు ప్రిన్సిపాల్.

సరుకు చూపించకుండా సంచి నాణ్యం చెప్పేవాడి దగ్గర నాగభూషణం ఏనాడూ బేరం చెయ్యలేదు. మర్నాటి నుంచి పిల్లని మాన్పించాడు. అతని భార్య సువర్చల లెక్కల్లో ఎమ్మెస్సీ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువు పాలవాడి పద్దుకి తప్ప పనికిరాక, అటకమీద పెట్టిన ఇత్తడి గంగాళంలాగా నల్లబడుతోంది. ఇప్పుడు దాన్ని కిందికి దించి చింతపండు పెట్టి తోమింది. పొద్దున్న ఇంట్లో అమ్మ దగ్గర చదువు, మధ్యాహ్నం కొట్లో కందిపప్పు బస్తాల మధ్య పుస్తకం. ఇలా రెండేళ్లు గడిచాయి.

ఈ ఏర్పాటు నచ్చనిదల్లా నాగభూషణం తల్లి కామాక్షమ్మకి. "బడి మాన్పించారు, బాగానే ఉంది. దీని నోరు మాత్రం నాకు అప్పగించారు. శనగలు నానబోస్తే ఎందుకు ఉబ్బుతాయంటుంది. ఉబ్బుతాయే తల్లీ అంటే, ఎందుకూ అంటుంది. ఇన్నాళ్లూ నేను నానబోసిన శనగలు ఒక్కటీ నన్నీ మాట అడగలేదు," అనేది.

అలా ఉండగా పక్క మండలంలో ఒకడు, నా పిల్లలకి ఇంట్లోనే చదువు చెబుతున్నానని చెప్పి, వాళ్లచేత మేకలు కాయిస్తున్నాడని పేపర్లో పడింది. ఫోటోలో ముందు మేకలు, వెనక పిల్లలు. రాష్ట్రమంతా అట్టుడికింది. అందరికంటే ఎక్కువ మండిపడ్డవాడు నాగభూషణం. ఒక్కడు కల్తీ అమ్మితే బజారంతటికీ మచ్చ. ఇంటి చదువులకి కూడా ముద్ర ఉండాల్సిందే, పై నుంచి ఎవరో ఒకరు వచ్చి చూడాల్సిందేనని, వచ్చిన ప్రతి గిరాకీతోనూ వాదించాడు.

అతని నోటి చలవో ఏమో, ప్రభుత్వం 'గృహవిద్యా జవాబుదారీ ప్రాధికార సంస్థ' అని ఒకటి పెట్టింది. ఇంట్లో చదువు చెప్పే తల్లిదండ్రులంతా నమోదు చేసుకోవాలంది. తక్కెడ రిక్షాలో పెట్టుకు వెళ్లినవాడికి ఇది ఒక లెక్కా? తలుపులు తెరిచేసరికి నాగభూషణం గుమ్మంలో ఉన్నాడు. జిల్లాలో మొదటి దరఖాస్తు అతనిదే.

చివరిదీ అతనిదే. మిగతావాళ్లు మొదటి రకం మనుషులు. అదే వచ్చినప్పుడు చూద్దాంలే అని ఊరుకున్నారు. కాబట్టి జిల్లా ఆఫీసూ, జీపూ, అందులో అధికారీ, అందరూ కలిసి ఇందుమతి ఒక్కదాని కోసమే ఏర్పడ్డట్టయింది.

మొదటి తనిఖీ రోజున సువర్చల రవ్వలడ్లు చేసింది. ఇందుమతి కొత్త పరికిణీ కట్టుకుని, ఏం అడుగుతారో ఏమోనని రాత్రంతా నెమరేసుకున్నవన్నీ నాలిక చివర పెట్టుకుని వసారాలో నిలబడింది. జిల్లా గృహవిద్యా జవాబుదారీ అధికారి శ్రీ దూబగుంట విశ్వమోహనరావు జీపు దిగాడు. చేతిలో కొలత టేపు ఉంది. దాని ఒక కొస నాగభూషణానికి ఇచ్చి, "గోడకి ఆనించి పట్టుకోండి," అన్నాడు.

"ముందు పిల్లని చూడండి సార్."

"క్రమం ప్రకారం వెళదాం. సదరు పాఠశాల ఆవరణ ఎక్కడి నుంచి ఆరంభమగుచున్నది?"

"పాఠశాల కాదండి, ఇల్లు."

"చట్టం రెండో అధ్యాయం చూసుకోండి. విద్యాభ్యాసం జరుగు ప్రతి ప్రాంగణమూ పాఠశాలే. ఈ ప్రాంగణమందు విద్యాభ్యాసం ఏయే గదుల్లో జరుగుచున్నది?"

సువర్చల వంటింట్లోంచి తొంగి చూసింది. "ఈ గదీ ఆ గదీ అనేం లేదండీ. మొన్న భిన్నాలు ఇక్కడే నేర్చుకుంది, దోసె ముక్కలు చేసి."

"వంటగది, గణిత ప్రయోగశాల," అని పలుకుతూ రాసుకున్నాడు విశ్వమోహనరావు. "ప్రయోగశాలలో గ్యాస్ సిలిండరు ఉన్నది. అగ్నిమాపక శాఖ వారి నిరభ్యంతర పత్రం కావలెను."

"స్నానాల గదిలో పద్యాలు పాడుతుందయ్యా, అదీ రాసుకో," అంది కామాక్షమ్మ అరుగు మీంచి. వెక్కిరింపుగానే అంది. కానీ ఆయన రాసుకున్నాడు.

"స్నానాల గది, సంగీత విభాగం. ఈ వృద్ధురాలు ఎవరు?"

"మా అమ్మండి."

"పాఠశాల పనివేళల్లో బయటి వ్యక్తులు ఆవరణలో ఉండరాదు."

"బయటి వ్యక్తిని నేనా?" అంది కామాక్షమ్మ. "ఒరే భూషణం, ఈ ఇల్లు మీ నాన్న కట్టించేటప్పుడు ఇటుకలు తడిపింది నేనురా! ఈయన అప్పటికి పుట్టాడా?"

టేపు చుట్టేసి, లడ్లు తిని, చేయి కడుక్కుని ఆయన జీపు వైపు నడిచాడు. ఇందుమతి వెంట నడిచింది.

"నన్నేం అడగరా సార్?"

బస్తా నోరు విప్పి మాట్లాడితే కొనేవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు విశ్వమోహనరావు. "పాపా, నీవు లబ్ధిదారువి. లబ్ధిదారుతో నేరుగా సంప్రదింపులు జరుపుట మా పరిధిలోకి రాదు."

నాగభూషణానికి ఏదో గుచ్చుకున్నట్టయింది గానీ, సరిపెట్టుకున్నాడు. ముద్ర వేసేవాడు మొదటి రోజు తక్కెడ దండె చూస్తాడు, రెండో రోజు రాయి చూస్తాడు. వ్యాపారంలో ఓపిక పట్టినవాడు నష్టపోయింది లేదు.

"అది సరేనండి, ఆ మేకలాయన సంగతేం చేశారు?" అని అడిగాడు.

"ఆయన నమోదు చేసుకోలేదు. కాబట్టి మా పరిధిలోకి రాడు."

జీపు వెళ్లిపోయింది. నోటీసులు రావటం మొదలైంది.

నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో 'మాజేటి వారి గృహ పాఠశాల' అని బోర్డు వీధి గుమ్మం పైన వేలాడింది. కామాక్షమ్మ పూజ గంట పనికిరాదన్నారు. కంచు గంట కొని దూలానికి కట్టారు. పొద్దున్నే గంట కొట్టి ఇందుమతి ఒక్కత్తే నడవలో వరసగా నిలబడేది. ఒక్కత్తే వరసగా ఎలా నిలబడుతుందని అడక్కూడదు. నిలబడేది, వరస సక్రమంగా ఉందని సువర్చల సంతకం పెట్టేది. అబ్బాయిలకి వేరే మరుగుదొడ్డి ఉండాలన్నారు. అబ్బాయిలెవరూ లేరంటే, ఉంటే ఏం చేస్తారన్నారు. కట్టించారు. దానికి తాళం వేసి, తాళంచెవి కామాక్షమ్మ బొడ్లో దోపుకుంది. బయటి వ్యక్తి కాకుండా ఉండటానికి ఆమెను ఆయాగా చూపించారు కాబట్టి, అది ఆమె బాధ్యత.

నాగభూషణం ప్రధానోపాధ్యాయుడయ్యాడు. సువర్చల ఉపాధ్యాయురాలయింది. అక్కగారింట్లో నోముకి వెళ్లాలంటే భర్తకి సెలవు చీటీ రాయాల్సి వచ్చింది.

"ఏమండీ, చీటీ మీ బల్ల మీద పెట్టాను."

"నీ బదులు పాఠం చెప్పేవాళ్లని చూపిస్తే గానీ సెలవు ఇవ్వకూడదట సువర్చలా. నిబంధన."

"చూపించక్కర్లేదు. ఉపాధ్యాయురాలు వెళుతోంది. పెళ్లాం ఇంట్లోనే ఉందనుకోండి. అన్నం ఆవిడ పెడుతుంది," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ పూట ప్రధానోపాధ్యాయుడు అటుకులు నానబెట్టుకున్నాడు.

తరవాతి నోటీసు తల్లిదండ్రుల సమావేశం గురించి. ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రులను లిఖితపూర్వకంగా పిలవాలి, వాళ్ల ఫిర్యాదులు వినాలి, అధికారి సమక్షంలో జవాబివ్వాలి. నాగభూషణం నాగభూషణానికి ఆహ్వానం రాసుకున్నాడు. సాయంత్రం విశ్వమోహనరావు వచ్చి మడత కుర్చీలో కూర్చున్నాడు.

"ప్రధానోపాధ్యాయులు ఈ పక్కన, తల్లిదండ్రులు ఆ పక్కన ఆసీనులు కావలెను," అన్నాడు.

"నేను ఎటు కూచోనండి?"

"మాట్లాడునప్పుడు ఆయా స్థానమందు ఆసీనులు కండి. ముందు ఉపాధ్యాయురాలు విద్యార్థిని ఇంటి వాతావరణం గురించి నివేదించాలి."

సువర్చలకి పదమూడేళ్ల కాపురంలో ఇలాంటి అవకాశం ఎప్పుడూ రాలేదు. లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "అయ్యా, పిల్ల బంగారం. చిక్కంతా పిల్ల తండ్రితోనే వస్తోంది. రాత్రి కొట్టు కట్టేసి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. పొద్దున్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. మా అమ్మాయికి అంత తెలుసు ఇంత తెలుసు అని బజారంతా చెప్పుకు తిరుగుతాడు. ఏం తెలుసో ఒక్కనాడూ కూచోబెట్టి అడిగిన పాపాన పోలేదు. ఇటువంటి తండ్రి మీద హెడ్మాస్టరుగారు చర్య తీసుకోవాలి."

"తండ్రి గారు సమాధానం చెప్పుకోవచ్చును," అన్నాడు విశ్వమోహనరావు.

నాగభూషణం ఆ పక్క కుర్చీలోకి మారాడు. "కొట్లో పనండి. అయినా తల్లి చెబుతోంది గదా అని..."

"ప్రధానోపాధ్యాయుల నిర్ణయం?"

నాగభూషణం ఈ పక్క కుర్చీలోకి వచ్చాడు. తల్లి వైపు చూశాడు.

"మందలించు నాయనా," అంది కామాక్షమ్మ. "నేను చెబితే ఎప్పుడూ వినలేదు. నువ్వు చెబితే వింటాడేమో."

మందలించినట్టు రాసి, రెండు చోట్లా సంతకం పెట్టాడు. ఇందుమతి నవ్వు ఆపుకోలేక స్తంభం చాటుకి పోయింది. ఆ రోజూ ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అయితే సువర్చల మాట మాత్రం నాగభూషణం పంటిలో ఇరుక్కున్న కందిబద్దలాగా ఉండిపోయింది.

పై ఆదివారం విశ్వమోహనరావు కూరగాయల సంచీతో ఆ వీధిన వెళుతూ అరుగు దగ్గర ఆగిపోయాడు. ఇందుమతి రెండు గిన్నెలు ముందు పెట్టుకుంది. ఒకదాన్లో మంచినీళ్లలో నానిన శనగలు, ఒకదాన్లో ఉప్పు నీళ్లలో నానినవి. వాటిని చూస్తూ ఏదో గొణుక్కుంటోంది.

"ఇదేమి?"

"దాని మొహం, మళ్లీ శనగలే," అంది కామాక్షమ్మ. "ఉప్పు నీళ్లలో వేస్తే తక్కువ ఉబ్బాయట, ఎందుకూ అని చూస్తోంది."

సోమవారం నోటీసు వచ్చింది. సెలవు దినాన అనధికార విద్యాభ్యాసం. నాగభూషణం కొట్టు వదిలేసి ఆఫీసుకి పరిగెత్తాడు.

"పాఠం ఎవరూ చెప్పలేదు సార్. పిల్ల తనంతట తనే నేర్చుకుంటోంది."

"అది మరింత తీవ్రమైన విషయం. ఉపాధ్యాయ పర్యవేక్షణ లేని అభ్యసనం."

"ఏం చెయ్యమంటారండి మరి?"

"నిరోధించాలి. తీసుకున్న నిరోధక చర్యలు ప్రతి వారం నివేదించాలి."

ఆనాటి నుంచి ఆదివారాలు ఇందుమతికి ఏమీ తెలియకుండా కాపలా కాసే పని కామాక్షమ్మది. పిల్ల 'ఎందుకు' అనగానే 'సోమవారం' అనేది. ఆకాశం నీలంగా ఎందుకుంది? సోమవారం. ఈ చీమలన్నీ ఒకే దారిన ఎందుకు పోతున్నాయి? సోమవారం. రెండు మూడు ఆదివారాలు గడిచేసరికి ముసలావిడకే నిద్రపట్టకుండా పోయింది. సోమవారం తెల్లవారగట్లే కోడల్ని లేపి, "ఆ చీమలు ఒకే దారిన ఎందుకు పోతాయే?" అని అడిగేది.

ఇన్ని చేసినందుకు ఫలితం దక్కింది. వార్షిక మదింపులో మాజేటి వారి గృహ పాఠశాలకి ఏ-ప్లస్ గ్రేడు వచ్చింది. ఆవరణ, గంట, వరస, మరుగుదొడ్లు, అన్నింటికీ నూటికి నూరు. నాగభూషణం ఆ కాగితం కొట్లో లక్ష్మీదేవి పటం పక్కన పెడదామనుకుంటూ చివరి పేరా చదివాడు.

అందులో ఉన్నదిది. విద్యార్థుల సంఖ్య పదికి తక్కువ ఉన్న పాఠశాలలను సమీపంలో విద్యాప్రమాణాలందు మెరుగైన పాఠశాలలో విలీనం చేయాలని విధానం. సదరు పాఠశాల విద్యార్థుల సంఖ్య ఒకటి. సమీప పాఠశాల బ్రహ్మాండ ఇంటర్నేషనల్. వచ్చే నెల నుంచి విద్యార్థినిని అక్కడికి బదిలీ చేయవలెను. అభ్యంతరములున్నచో విచారణకు హాజరు కావలెను.

ఇందుమతి ఆ కాగితం తనే చదువుకుంది. చదవటం వచ్చిన పిల్లకి దాచటం ఎవరి తరం? అన్నం పళ్లెం ముందు కూచుని కలుపుతూనే ఉంది గానీ ముద్ద ఎత్తలేదు.

"నన్ను మళ్లీ అక్కడికి పంపుతావా నాన్నా?"

"నేను పంపుతానా తల్లీ?"

"నువ్వే కదా దరఖాస్తు పెట్టావు."

నాగభూషణం వ్యాపారంలో చాలాసార్లు దెబ్బతిన్నాడు. వాన వల్లా, పురుగు వల్లా, మాట తప్పినవాళ్ల వల్లా తిన్నాడు. తన నిజాయితీ వల్ల దెబ్బతినటం ఇదే మొదలు. దానికి ఏ పద్దు కింద రాసుకోవాలో తెలియలేదు.

కామాక్షమ్మ ఊరుకోలేదు. "ఒకటి రెండవుతుంది. నన్ను ఒకటో తరగతిలో చేర్చండి," అని తనే వెళ్లి విశ్వమోహనరావుని అడిగింది.

"పూర్వం ఎక్కడైనా చదివారా?"

"రెండో తరగతి దాకా. అగ్రహారం బడిలో."

"ఆ బడి నుంచి బదిలీ పత్రం తెండి."

"ఆ బడి ఉప్పెనలో కొట్టుకుపోయింది నాయనా."

"అయితే కొట్టుకుపోయినట్టు ఆ బడి ప్రధానోపాధ్యాయుల నుంచి ధ్రువపత్రం తెండి."

"ఆయనా దాంతోనే పోయాడు," అని ముసలావిడ చేతిసంచీ సర్దుకుని వచ్చేసింది.

విచారణ రోజున నాగభూషణం కూతురిని వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్లాడు. చంకలో గుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువొకటి ఉంది. బల్లకి అవతల ప్రాధికార సంస్థ అధ్యక్షులవారు, ఆయన పక్కన విశ్వమోహనరావు. ఇవతల మెత్తటి కుర్చీలో బ్రహ్మాండ స్కూలు కరస్పాండెంటు. ఆయన ముందే సిద్ధంగా ఉన్నాడు. "పాపకి బస్సులో కిటికీ పక్క సీటు ఉంచామండి," అన్నాడు చిరునవ్వుతో.

"మీ అభ్యంతరం ఏమిటి?" అన్నారు అధ్యక్షులవారు.

"ఆర్డరు మీద నాకు అభ్యంతరం లేదండి," అన్నాడు నాగభూషణం. "మెరుగైన స్కూల్లో కలపమని ఉంది. మెరుగైనదైతే పిల్లని నేనే దించి వస్తాను. ఆ స్కూలు మెరుగని ఎట్లా తేల్చారో చెప్పండి చాలు."

"భవనము, క్రీడా వసతులు, రవాణా," అని చదివాడు విశ్వమోహనరావు.

నాగభూషణం గుడ్డ విప్పాడు. మొన కోసుగా, ఒక పక్క బోలుగా ఉన్న ఇనప గొట్టం బయటపడింది. కరస్పాండెంటు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"భయపడకండి. దీంతో మేం బస్తాలు చూస్తాం. గోనె కొత్తదా, కుట్టు బాగుందా, పైన ఏ బొమ్మ వేశారు, ఇవన్నీ అమ్మేవాడు చెబుతాడు. మేం వినం. బస్తా నడుమ ఇది గుచ్చి లాగితే లోపలి గింజలు గుప్పెడు చేతిలోకొస్తాయి. వాటిని చూసి బేరం చేస్తాం. ఎక్కడ గుచ్చాలో కొనేవాడి ఇష్టం, అమ్మేవాడిది కాదు. ముత్తాతల నాటి నుంచీ మా బజారు ఆచారం. నేనీ సంస్థ దగ్గరికి ఎందుకొచ్చాననుకున్నారు? నా సరుకుని ఎవరో ఒకరు గుచ్చి చూడాలనే. ఏడాదిగా చూస్తున్నాను. గోనె కొలిచారు, గోనెకి రంగు వేయించారు, గోనె పక్కన మరుగుదొడ్డి కట్టించారు. ఒక్కసారీ గుచ్చలేదు. ఇదిగో నా పిల్ల. మీకు తోచింది అడగండి. వారి స్కూల్లో ఇదే ఈడు పిల్లని మీరే ఎవరో ఒకరిని ఎంచి, అదే అడగండి. ఎవరు మెరుగో తేలిపోతుంది. తేలినదానికి కట్టుబడతాను."

ఇందుమతి ఒక అడుగు ముందుకొచ్చి చేతులు కట్టుకుంది.

మొదట తేరుకున్నవాడు కరస్పాండెంటు. "ఇది చాలా అన్యాయమండి. ముందస్తు నోటీసు లేకుండా, సిలబస్ ఇవ్వకుండా మా పిల్లల్ని ప్రశ్నించటం మానసిక హింస కిందికి వస్తుంది. మా విద్యార్థులు పరీక్షలకి తయారైనవాళ్లు. ప్రశ్నలకి కాదు."

"ఈ పాపని మాత్రం అడిగితే?" అన్నారు అధ్యక్షులవారు ఆశగా.

"సమానత్వ సూత్రం అడ్డు వస్తుందండి," అన్నాడు విశ్వమోహనరావు. నుదురు తుడుచుకున్నాడు. "ఒకరిని అడిగితే అందరినీ అడగాలి. జిల్లాలో ఉన్న పిల్లలందరినీ ఏం వచ్చని అడిగితే... వాళ్లు చెబితే... సార్, వచ్చే జవాబులకి బాధ్యులు ఎవరు? అది ఏ శాఖ పరిధిలోకీ రాదు."

అధ్యక్షులవారి ముఖం పాలిపోయింది. ఆ ఊహ ఆయన కళ్ల ముందు కదిలినట్టే ఉంది. రాష్ట్రమంతటా పిల్లలు వరసగా నిలబడి, తమకేం వచ్చో చెబుతున్నారు. పెద్దలు వింటున్నారు.

వెంటనే తీర్మానం చదివించారు. ఒకటి: రెండు పాఠశాలల విద్యాప్రమాణాలు పోల్చుట విద్యార్థులను ప్రశ్నించనిదే సాధ్యము కాదు. రెండు: విద్యార్థులను ప్రశ్నించుట ప్రజాహితమునకు భంగకరము. మూడు: కాబట్టి విలీనము మరింత అధ్యయనము నిమిత్తము నిరవధికముగా నిలిపివేయడమైనది. నాలుగు: సదరు ఇనప గొట్టమును ఇకమీదట కార్యాలయములోనికి అనుమతించరాదు.

గెలిచాడు నాగభూషణం. బస్సులో వస్తున్నంతసేపూ గొట్టం ఒళ్లో పెట్టుకుని మీసం దువ్వుకున్నాడు. పక్కన ఇందుమతి మాత్రం కిటికీలోంచి చూస్తూ, "ఈ రోజూ నన్నెవరూ ఏం అడగలేదు," అంది.

"అడక్కపోవటమే మంచిదయిందే!"

"నువ్వు కూడా అడగలేదు నాన్నా. ఎప్పుడూ."

మీసం మీది చెయ్యి దిగిపోయింది. పంటిలో కందిబద్ద మళ్లీ కదిలింది. బల్ల ముందు అంత ధీమాగా నిలబడి, పిల్లని అడగండి అన్నాడు కదా. వాళ్లు నిజంగా అడిగి ఉంటే? బస్తాలో ఏముందో తనకే తెలియదు. తను కూడా సువర్చల కుట్టిన గోనె చూసి మురిసిపోయినవాడే.

"అయితే అడుగుతాను," అన్నాడు. ఏం అడగాలో తోచక అటూ ఇటూ చూసి, చివరికి ఇంట్లో రోజూ వినే మాటే అడిగాడు. "శనగలు నానితే ఎందుకు ఉబ్బుతాయే?"

"పొట్టులోంచి నీళ్లు లోపలికి పోతాయి."

"మరి ఉప్పు నీళ్లలో తక్కువ ఉబ్బాయన్నావే. ఎందుకని?"

ఇందుమతి కిటికీ వదిలి తండ్రి వైపు తిరిగింది. "తెలీదు నాన్నా. ఉప్పే నీళ్లని లాక్కుంటుందేమో అనిపిస్తుంది. కానీ పంచదార నీళ్లలో వేసి చూడలేదు. అది చూస్తే గానీ చెప్పలేను."

నాగభూషణం కూతురి వైపు కొత్త బస్తాని చూసినట్టు చూశాడు. గుచ్చిన ప్రతిసారీ తళతళలాడే గింజలే వస్తే అనుమానించాలి, పాలిష్ పట్టించి ఉంటారు. పుచ్చు ఎక్కడుందో తనే చెప్పి అమ్మేవాడి దగ్గర కళ్లు మూసుకుని కొనొచ్చు. ముప్పై ఏళ్లలో అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో తగిలారు. అలాంటిదొకత్తె తన ఇంట్లోనే పెరుగుతోందని ఇవాళ తెలిసింది.

ఆ ఆదివారం పొద్దున్న కామాక్షమ్మ అరుగు మీద కాపలా కాస్తుండగా విశ్వమోహనరావు వచ్చాడు. జీపులో కాదు, స్కూటరు మీద. చేతిలో టేపు లేదు. వెనక ఇందుమతి ఈడు పిల్ల ఒకత్తి దిగింది, బ్రహ్మాండ స్కూలు బ్యాడ్జీ పెట్టుకుని. నాగభూషణం ఎదురొచ్చాడు.

"మా అమ్మాయండి, లాస్య," అన్నాడు విశ్వమోహనరావు. ఆయన నోట గ్రాంథికం లేదు. "అన్నింట్లో నూటికి తొంభై తొమ్మిది వస్తాయి. మొన్న మీ మాటలు విన్న దగ్గర్నుంచీ నాకు నిద్రపట్టట్లేదు. దీన్ని కూచోబెట్టి ఏదన్నా అడుగుదామనుకుంటాను, నోరు రాదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. మీ ఆవిడగారు ఒకసారి... మీరన్నట్టు... గుచ్చి చూస్తారేమోనని. ఎవరికీ తెలియక్కర్లేదు."

సువర్చల గుమ్మంలోకి వచ్చింది. లాస్య తండ్రి చేతిని గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, ఇవాళ ఆదివారమండి," అన్నాడు నాగభూషణం, మొహం ఎంతో బాధగా పెట్టి. "ఆదివారం బడిలో ఎవరూ ఏం నేర్చుకోకూడదని మీ నోటీసు ఉంది. దొరికిపోతే మీరే మా మీద చర్య తీసుకోవాల్సొస్తుంది."

విశ్వమోహనరావు తల దించుకున్నాడు. స్కూటరు వైపు తిరిగాడు.

"ఆగండి, వెళ్లకండి," అని నాగభూషణం బల్ల లాక్కుని ఎక్కి, గుమ్మం మీది నీలం బోర్డుని గోడ వైపుకి తిప్పేశాడు. దిగి చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడిది ఇల్లు. లోపలికి రండి. అమ్మా, ఆ శనగల గిన్నెలు ఇలా తే. పంచదార డబ్బా కూడా."